నిద్రలో పళ్ళు నూరుకునేవారికి నైట్ గార్డ్: ఎంపిక నుంచి రోజువారీ సంరక్షణ దాకా

నిద్రలో పళ్ళు నూరేవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. పక్కన పడుకున్నవాళ్ళు చెప్పాలి. చెప్పేవాళ్ళు లేకపోతే పన్ను అంచు విరిగి నోట్లో రాయిలా తగిలినప్పుడో, పెట్టించిన ఫిల్లింగ్ మళ్ళీ మళ్ళీ ఊడినప్పుడో బయటపడుతుంది. అప్పటికే జరగాల్సిన నష్టం కొంత జరిగిపోయి ఉంటుంది. పన్ను మీద ఉండే గట్టి పైపొర ఎనామెల్. ఒంట్లో దానికంటే గట్టిది ఏదీ లేదు. కానీ ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, అరిగిన ఎనామెల్ మాత్రం తిరిగి రాదు. నైట్ గార్డు, అంటే రాత్రి పళ్ళకు పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు, దాని విలువ అంతా ఇక్కడే ఉంది. పై వరసకీ కింది వరసకీ మధ్య అడ్డుగా నిలబడి, పన్ను బదులు తాను అరుగుతుంది.

గార్డు పళ్ళు నూరడాన్ని మాన్పించదు. దవడ కండరాలు బిగుసుకోవడం నిద్ర మధ్యలో మెదడు ఒక్క క్షణం తేలికగా మేలుకునే ఘట్టాలతో ముడిపడి ఉంటుంది. నోట్లో పెట్టుకున్న ప్లాస్టిక్ దాన్ని ఆపలేదు. కొత్తలో కొన్ని వారాలు బిగువు తగ్గినట్టు అనిపించినా ఆ తర్వాత చాలామందిలో మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి "గార్డు పెట్టుకున్నా నూరుతూనే ఉన్నాను, ఇది పనిచేయడం లేదు" అని పక్కన పడేయకండి. గార్డు మీద గీతలు పడుతున్నాయంటే, ఆ గీతలు మీ పళ్ళ మీద పడటం లేదని అర్థం.

ముందు అద్దం ముందు నిలబడండి

వెలుతురు బాగా ఉన్నచోట నోరు తెరిచి ఇవి చూసుకోండి. కోరపళ్ళ కొనలు మొనదేలి ఉన్నాయా, లేక రెండు వైపులా చదునుగా కోసినట్టు ఉన్నాయా? కింది దవడను నెమ్మదిగా పక్కకి జరిపి చూడండి. పై కోరపన్ను చదును, కింది కోరపన్ను చదును తాళంలో చెవిలా ఒకదానికొకటి సరిపోతే అది నూరుడు గుర్తే. అయితే అది పాత గుర్తు కూడా కావచ్చు, ఎప్పుడో నూరి మానేసినవాళ్ళకీ ఆ చదును అలాగే ఉండిపోతుంది. బుగ్గ లోపలివైపు, పళ్ళు కలిసే ఎత్తులో తెల్లటి గీత, నాలుక అంచున అలల్లా పళ్ళ అచ్చులు కూడా దవడ బిగించే అలవాటును సూచిస్తాయి. నాలుక మీద అచ్చులకు వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి ఆ ఒక్కటే చూసి తేల్చుకోవద్దు.

పొద్దున లేవగానే ఎలా ఉంటుందో ఒక వారం గమనించండి. కణతల దగ్గర నొప్పి, దవడ మూల పట్టేసినట్టు ఉండటం, చల్లనీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమనడం లేవగానే ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గిపోతుంటే నూరుడు రాత్రిపూట జరుగుతోందని అనుకోవచ్చు. సాయంత్రానికి నొప్పి పెరుగుతుంటే మాత్రం పగలు పనిలో పడి దవడ బిగిస్తున్నారేమో చూడాలి. దానికి రాత్రి గార్డు ఒక్కటే సరిపోదు.

గార్డు కంటే ముందు డాక్టరును కలవాల్సినవాళ్ళు

గట్టిగా గురక పెట్టేవాళ్ళు, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్ళు, రాత్రంతా పడుకున్నా పగలు కునుకుపాట్లు పడేవాళ్ళు ముందుగా స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. పళ్ళు నూరడం, ఆప్నియా తరచూ కలిసి కనిపిస్తాయి. పై పళ్ళకు పెట్టే మామూలు గార్డు కొందరిలో శ్వాస ఇబ్బందిని ఇంకా పెంచే అవకాశం ఉంది. అలాంటివాళ్ళకు కింది దవడను కాస్త ముందుకు జరిపి ఉంచే వేరే రకం పరికరం ఉంటుంది. అది చూడటానికి గార్డులా ఉన్నా దాని పని వేరు.

ఊగే పళ్ళు, చికిత్స చేయని పుచ్చు, చీము కారే చిగుళ్ళు, పళ్ళకు వేసిన క్లిప్పులు ఉన్నవాళ్ళు తమంతట తాము గార్డు కొని పెట్టుకోకూడదు. నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోకపోయినా, తెరిచినప్పుడు దవడ ఇరుక్కుపోతున్నా అది కీలు సమస్య, దాన్ని ముందు చూపించుకోవాలి. పిల్లలు పళ్ళు నూరడం చాలా మామూలు. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసులో గట్టి గార్డు పెడితే దవడ ఎదుగుదలకూ పళ్ళు వచ్చే దారికీ అడ్డం కావచ్చు. చాలామంది పిల్లలు ఎదిగేకొద్దీ తామే మానేస్తారు.

ఏ రకం తీసుకోవాలి

పొట్లం విప్పి నేరుగా పెట్టుకునే రెడీమేడ్ రకం ఎవరి నోటికీ సరిగ్గా కూర్చోదు. జారుతూ ఉంటే దాన్ని పట్టి ఉంచడానికే దవడ ఇంకా బిగుసుకుంటుంది. వద్దనే చెబుతాం.

వేడినీళ్ళలో మెత్తబరిచి పళ్ళకు అచ్చు వేసుకునే రకం దానికంటే చాలా నయం. డెంటిస్ట్ దగ్గర గార్డు తయారయ్యేలోపు కొన్ని వారాలకో, ఇలాంటిది నోట్లో పెట్టుకుని పడుకోగలనా అని చూసుకోవడానికో బాగా పనికొస్తుంది. గట్టిగా నూరేవాళ్ళు దీన్ని కొద్ది నెలల్లోనే కొరికేస్తారు.

డెంటిస్ట్ చేయించే గార్డుల్లో మూడు రకాలున్నాయి. మెత్తటిది రబ్బరులా ఉంటుంది, మొదటి రాత్రి నుంచే హాయిగా ఉంటుంది. కానీ కొందరు దాన్ని బబుల్‌గమ్‌లా నములుతారు, దవడ నొప్పి తగ్గకపోగా పెరుగుతుంది. బిగించడం తక్కువగా, పళ్ళు జివ్వుమనడం ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఇది చాలు. గట్టి ప్లాస్టిక్ లాంటి యాక్రిలిక్‌తో చేసిన రకం మొదట్లో ఇబ్బందిగా ఉన్నా కింది పళ్ళు దాని నున్నటి ఉపరితలం మీద జారిపోతాయి, ఒత్తిడి అన్ని పళ్ళ మీదా సమంగా పడుతుంది. బాగా నూరేవాళ్ళకు, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్ళకు ఇదే తగినది. మూడోది లోపల మెత్తగా, బయట గట్టిగా ఉంటుంది. గట్టిది భరించలేనివాళ్ళకు మధ్యేమార్గం.

ముందు నాలుగు పళ్ళకే తొడిగే చిన్న గార్డులు కూడా దొరుకుతాయి. వీటితో జాగ్రత్త. దవడ పళ్ళకు రాత్రంతా ఆనుడు లేకపోతే అవి నెలల తరబడి వాడకంలో చిగుళ్ళలోంచి మెల్లగా బయటికి జరుగుతాయి, చివరికి నోరు మూసినా ముందు పళ్ళు కలవవు. పైగా చిన్న వస్తువు కాబట్టి నిద్రలో ఊడి గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వీటిని వాడకండి. ఆటల్లో పెట్టుకునే మౌత్‌గార్డు, క్లిప్పులు తీశాక ఇచ్చే పలచటి రిటైనర్ నైట్ గార్డుకు బదులు కావు. మొదటిది మరీ మందం, మెత్తన. రెండోది నూరుడుకు త్వరగా చిల్లులు పడుతుంది.

డెంటిస్ట్ దగ్గర జరిగేది, మీరు అడగాల్సింది

పుచ్చులు, ఊడబోయే ఫిల్లింగులు, వేయాల్సిన క్యాపులు ముందే పూర్తి చేయించుకోండి. గార్డు వచ్చాక ఒక్క పన్ను ఆకారం మారినా అది కూర్చోదు. తర్వాత పేస్టులాంటి పదార్థంతో గానీ, చిన్న కెమెరాలాంటి స్కానర్‌తో గానీ పళ్ళ అచ్చు తీస్తారు. పై, కింది వరసలు ఎలా కలుస్తున్నాయో తెలిపే కాటు అచ్చు కూడా తీస్తారు. ఆ సమయంలో దవడను వదులుగా వదిలేయండి. ముందుకు చాపి కొరికితే గార్డు మొత్తం ఆ తప్పు కాటుకే తయారవుతుంది.

ల్యాబ్ నుంచి గార్డు వచ్చిన రోజు తొందరపడి ఇంటికి వెళ్ళిపోకండి, ముఖ్యమైన పని ఆ రోజే ఉంటుంది. ముందుగా గార్డు పళ్ళ మీద పూర్తిగా దిగిందో లేదో చూడాలి. ఒక వైపు వేలితో నొక్కితే రెండో వైపు లేవకూడదు. నోరు తెరిచినా, నాలుకతో కాస్త నెట్టినా ఊడకూడదు, అయితే తీయడానికి గోళ్ళు విరిగేంత బిగువూ ఉండకూడదు.

తర్వాత రంగు కాగితం మధ్యలో పెట్టి కొరకమంటారు. గార్డు మీద పడే చుక్కలను మీరూ అడిగి చూడండి. కుడి వైపు మూడు ముదురు చుక్కలు, ఎడమ వైపు ఒక్కటీ లేదంటే మీ బరువంతా ఆ మూడు పళ్ళే మోస్తున్నాయన్నమాట. ముదురు చుక్కలను డాక్టరు కొద్దికొద్దిగా అరగదీస్తారు, మళ్ళీ కొరకమంటారు, మళ్ళీ అరగదీస్తారు. రెండు వైపులా వెనక పళ్ళన్నిటికీ చుక్కలు సమంగా పడేదాకా ఇది సాగాలి. ఆపైన దవడను పక్కలకు, ముందుకు జరపమంటారు. గట్టి గార్డుల్లో సాధారణంగా అలా జరిపినప్పుడు కోరపళ్ళు, ముందు పళ్ళు మాత్రమే రాసుకుని, వెనక పళ్ళు విడిపోయేలా చేస్తారు. నూరేటప్పుడు పుట్టే పక్క ఒత్తిడి దవడ పళ్ళ మీద పడకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

కుర్చీలో పడుకున్నప్పుడు దవడ కాస్త వెనక్కి జారుతుంది, కూర్చున్నప్పుడు ముందుకు వస్తుంది. అందుకే రెండు భంగిమల్లోనూ కొరికి చూపించమని అడగండి. ఒకటి రెండు వారాల్లో మళ్ళీ ఒకసారి వెళ్ళి సరి చేయించుకోవాలి. ఆ రెండో సారి మానేసినవాళ్ళ గార్డులే ఎక్కువగా సొరుగుల్లో పడి ఉంటాయి.

వేడినీళ్ళ రకాన్ని ఇంట్లో అమర్చుకోవడం

పొట్లం మీద రాసిన సమయం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, అదే పాటించండి. మొత్తం పద్ధతి మాత్రం ఇలా ఉంటుంది.

1. పళ్ళు తోముకోండి. గార్డును వేడి చేయకుండానే పై పళ్ళకు పెట్టి అద్దంలో చూడండి. చివరి దవడ పన్నును దాటి చిగురుకో బుగ్గకో గుచ్చుకుంటుంటే ఆ కొసను పదునైన కత్తెరతో 2, 3 మిల్లీమీటర్ల చొప్పున కత్తిరించండి. ఎక్కువ కత్తిరిస్తే చివరి పన్ను బయట ఉండిపోతుంది. అలా వదిలేసిన పన్ను కాలక్రమంలో చిగురులోంచి బయటికి జరుగుతుంది.

2. ఒక గిన్నెలో మరిగించిన నీళ్ళు, పక్కనే ఇంకో గిన్నెలో చల్లనీళ్ళు, గడియారం, చిల్లుల గరిటె సిద్ధం చేసుకోండి. నీళ్ళు పొయ్యి మీద మరుగుతుండగా గార్డు వేయకండి. గిన్నె అడుగుకు తగిలితే కరిగి అంటుకుంటుంది.

3. చెప్పినంత సేపు ముంచండి. చాలా రకాలకు ఇది 20 నుంచి 60 సెకన్ల మధ్య ఉంటుంది. అంచులు కాస్త వంగి, ఆకారం మాత్రం నిలిచి ఉండాలి. కుప్పకూలిపోతే వేడి ఎక్కువైనట్టు.

4. గరిటెతో తీసి నీళ్ళు దులిపి రెండు మూడు సెకన్లు ఆగండి. చిగుళ్ళు కాలకుండా ఉండటానికి ఆ వ్యవధి చాలు. ఇంకా ఆగితే గట్టిపడిపోతుంది.

5. అద్దంలో చూస్తూ, గార్డు నడిమి గీతను రెండు ముందు పళ్ళ మధ్యకు తెచ్చి పై పళ్ళ మీదకి ఎక్కించండి. బొటనవేళ్ళతో వెనక పళ్ళ దగ్గర గార్డును పైకి నొక్కండి. తర్వాత పెదాలు మూసి గాలిని లోపలికి పీల్చండి, నాలుకను అంగిలి వైపు ఒత్తండి, బయటి నుంచి వేళ్ళతో బుగ్గలు, పై పెదవి మీద నొక్కండి.

6. దవడ వదులుగా ఉంచి నెమ్మదిగా కొరకండి. కింది పళ్ళ గుర్తు పడితే చాలు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మెత్తగా ఉంది కదా అని గట్టిగా కొరికితే వెనక పళ్ళ దగ్గర పదార్థం పక్కలకు పారిపోయి కాగితంలా పలచబడుతుంది. మొదటి చిల్లు పడేది అక్కడే. 20, 30 సెకన్లు కదలకుండా ఉండండి.

7. తీసి చల్లనీళ్ళలో ఒక నిమిషం ఉంచండి. వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. ప్రతి పన్ను గుంత స్పష్టంగా కనిపించాలి, వెనక భాగంలో మందం మిగిలి ఉండాలి.

వదులుగా ఉంటే వేడి చాలలేదు లేదా నొక్కడం చాలలేదు. మళ్ళీ ఒకసారి, మహా అయితే రెండు సార్లు చేయవచ్చు. ప్రతిసారీ పదార్థం పలచబడుతుంది కాబట్టి అంతకు మించి ప్రయత్నించడం కంటే కొత్తది తీసుకోవడమే మేలు. కట్టుడు పళ్ళు, కొత్తగా వేసిన తాత్కాలిక క్యాపులు ఉన్నవాళ్ళు ఇది చేయకూడదు. తీసేటప్పుడు అవి ఊడి వస్తాయి.

మొదటి రెండు వారాలు

రాత్రి నేరుగా పెట్టుకుని పడుకోకండి. మొదటి మూడు నాలుగు రోజులు సాయంత్రం అరగంట, గంట మెలకువగా ఉండగా పెట్టుకుని కూర్చోండి. నోరు ముందు దాన్ని తిండి అనుకుంటుంది, లాలాజలం ఊరుతుంది. కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. మాట ముద్దగా రావడం, పెట్టుకున్న మొదటి పది నిమిషాలు పళ్ళు పట్టేసినట్టు ఉండటం మామూలే.

మామూలు కానిది ఒకే పన్ను నొప్పి పెట్టడం. వరసంతా కాస్త బిగువుగా ఉంటే పర్వాలేదు, ఒక్క పన్నే పొద్దున కొరికితే నొప్పిగా ఉందంటే గార్డు అక్కడ ఎత్తుగా ఉంది. ఓర్చుకోవద్దు, వాడకం ఆపి వెళ్ళి అరగదీయించుకోండి. గట్టి గార్డును ఇంట్లో గోళ్ళ ఆకురాయితో అరగదీయడం వద్దు. ఒక చోట తగ్గిస్తే బరువు ఇంకో చోటికి పోతుంది, అది కళ్ళకు కనిపించదు.

ఓకరింపు వస్తుంటే అంగిలి వైపు అంచు పొడవుగా ఉండవచ్చు, తగ్గించమని అడగండి. పెట్టుకునేటప్పుడు ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీల్చడం సాయపడుతుంది. జలుబుతో ముక్కు దిబ్బడేసిన రాత్రి మానేసినా ఫర్వాలేదు. నిద్రలో తెలియకుండా తీసి పడేస్తున్నారా? మొదటి వారాల్లో ఇది చాలామందికి జరుగుతుంది. మెలకువ వచ్చినప్పుడు తిరిగి పెట్టుకుంటూ పోతే ఆగుతుంది. రెండు మూడు వారాలైనా ఆగకపోతే అమరికలోనే తేడా ఉంది.

పొద్దున గార్డు తీయగానే పళ్ళు ఎప్పటిలా కలవనట్టు అనిపించవచ్చు. అది కొద్ది నిమిషాల నుంచి అరగంటలోపు సర్దుకుంటుంది. మధ్యాహ్నం దాకా అలాగే ఉంటున్నా, రోజురోజుకీ ఎక్కువసేపు ఉంటున్నా గార్డు వల్ల కాటు మారుతోందని అనుమానించాలి. డాక్టరుకు చూపించేదాకా పెట్టుకోకండి.

శుభ్రత

పెట్టుకునే ముందు పళ్ళు తోమి, పళ్ళ సందుల్ని దారంతో శుభ్రం చేసుకోవాలి. రాత్రి లాలాజలం తక్కువగా ఊరుతుంది, గార్డు కింద ఉన్న పన్నుకు ఆ కాస్తా అందదు. అక్కడ చిక్కుకున్న తిండి ఎనిమిది గంటలు అక్కడే ఉంటుంది. గార్డు పెట్టుకున్నాక మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకూడదు. పులితేన్పులు, ఛాతీలో మంట ఉన్నవాళ్ళు అది ముందు తగ్గించుకోవాలి. పైకి వచ్చిన ఆమ్లం గార్డు కింద చేరితే పన్ను మెత్తబడుతుంది.

తీసిన వెంటనే చల్లనీళ్ళతో కడిగి, మెత్తటి బ్రష్‌తో, వాసన లేని సబ్బుతో లోపలా బయటా రుద్దండి. టూత్‌పేస్ట్ వాడకండి. దానిలోని సన్నటి రజను గార్డు మీద కంటికి కనిపించని గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే పాచి, వాసన చేరతాయి. మెత్తటి గార్డులు త్వరగా మసకబారడానికి చాలాసార్లు ఇదే కారణం. వేడినీళ్ళు, బ్లీచ్, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వద్దు. వారానికి ఒకసారి కట్టుడు పళ్ళకు వాడే బిళ్ళను నీళ్ళలో వేసి, దాని మీద రాసినంతసేపు నానబెట్టండి. సున్నంలా తెల్లటి పొర పడితే తెల్ల వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి అరగంట ఉంచి బాగా కడగండి.

పూర్తిగా ఆరాకే గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టండి. తడిగా మూస్తే బూజు పడుతుంది. డబ్బానూ వారానికోసారి కడగాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే వంకర పోతుంది, టిష్యూలో చుట్టి పెడితే చెత్తబుట్టలోకి పోతుంది. ఇంట్లో కుక్క ఉంటే ఎత్తులో పెట్టండి, లాలాజలం వాసనకు వచ్చి నమిలేస్తుంది.

గార్డు చేయలేని పని

సాయంత్రం తర్వాత కాఫీ, మద్యం, సిగరెట్ నూరుడును పెంచుతాయి. మానసిక ఆందోళన కూడా అంతే. దిగులుకు, ఆందోళనకు వాడే కొన్ని మందుల వల్ల నూరుడు మొదలవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే ఇది వచ్చిందనిపిస్తే రాసిన డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. పగలు పెదాలు కలిసి ఉన్నా పళ్ళు విడిగా, నాలుక అంగిలికి తేలిగ్గా ఆని ఉండాలి. పనిచేసే చోట కంప్యూటర్ అంచున ఒక చిన్న రంగు చుక్క అంటించి, అది కనిపించినప్పుడల్లా దవడ వదులు చేయడం మంచి ఉపాయం. పడుకునే ముందు పది నిమిషాలు దవడ కండరాల మీద గోరువెచ్చని కాపడం పెట్టి, వేళ్ళతో గుండ్రంగా మర్దనా చేస్తే పొద్దుటి పట్టు తగ్గుతుంది.

ఎప్పుడు మార్చాలి

నెలకోసారి గార్డును దీపం కింద ఏటవాలుగా పట్టి చూడండి. నున్నటి ఉపరితలం మీద మెరిసే చదును మచ్చలు, ఒకే దిక్కుకు సాగిన సన్నటి గీతలు కనిపిస్తాయి. మీరు ఏ వైపు ఎక్కువ నూరుతున్నారో అవే చెబుతాయి. మచ్చ గుంతగా మారి వెలుతురు అవతలికి కనిపించేంత పలచబడితే, చిల్లు లేదా పగులు వస్తే, వదులైతే, అంచు నాలుకను గీస్తుంటే మార్చాల్సిందే. వేడినీళ్ళ రకం కొన్ని నెలలే వస్తుంది. డెంటిస్ట్ చేసిన మెత్తటిది ఏడాది, అటూ ఇటూ. గట్టి యాక్రిలిక్ మంచి సంరక్షణలో చాలా ఏళ్ళు నిలుస్తుంది. గట్టిదానికి ఒక చోట గుంత పడినంత మాత్రాన పారేయకండి, చాలాసార్లు అక్కడ యాక్రిలిక్ చేర్చి మళ్ళీ సమం చేయవచ్చు.

ఆరు నెలలకోసారి పళ్ళు చూపించుకునేటప్పుడు గార్డును వెంట తీసుకెళ్ళండి. కొత్త ఫిల్లింగ్, క్యాప్ వేయించుకునే రోజున ఇది మరీ ముఖ్యం. మత్తు దిగకముందే గార్డు పెట్టి చూపించుకుంటే, కొత్త పన్ను దగ్గర లోపలివైపు ఎక్కడ తగులుతోందో అక్కడికక్కడే సరి చేస్తారు. ఇంటికి వచ్చాక అది దిగడం లేదని గట్టిగా నొక్కి ఎక్కిస్తే గార్డు పగులుతుంది, లేదా కొత్త క్యాపు దానితోపాటే ఊడి వస్తుంది.